పాప తిండి విషయంలో మరీ నిష్ఠగా ఉంది. ఇది ఆరోగ్యమా, జబ్బా?

తిరుచానూరు అమ్మ | సెప్టెంబర్ 27, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మా పాపకు 19 ఏళ్ళు, డిగ్రీ రెండో సంవత్సరం. పోయినేడు మా మామగారికి షుగర్ బయటపడినప్పుడు ఇంట్లో తెల్లన్నం తగ్గించి కొర్రలు, సామలు తెచ్చుకున్నాం. పాప ఎంతో ఇష్టంగా అన్నీ నేర్చుకుంది. తాతకు ఏ పూట ఏం పెట్టాలో తనే రాసి ఫ్రిజ్‌కు అంటించింది.

ఆ తర్వాత తను చక్కెర మానేసింది. ఇంకొన్నాళ్ళకు నూనె. ఆపైన పాలు, పెరుగు. ఇప్పుడు వేరుశనగ, చింతపండు కూడా వద్దంటోంది. ఆ రెండూ వేసి నూరే ఊరుబిండి లేకుంటే సంగటి ముట్టని పిల్ల ఇది. తన గిన్నె వేరు, గరిటె వేరు. నేను పోపు పెడుతుంటే పక్కనే నిలబడి నూనె ఎంత పోస్తున్నానో చూస్తుంది. కొంచెం ఎక్కువైందనిపిస్తే ఆ పూట తినదు, గదిలోకి పోయి ఏడుస్తుంది. చుట్టాల ఇళ్ళకు రాదు, పెళ్ళిళ్ళకు రాదు. మొన్న వాళ్ళ బాబాయి కొండ మీద నుంచి లడ్డు తెస్తే కళ్ళకద్దుకుని పక్కన పెట్టేసింది.

అడిగితే, "సన్నబడాలని కాదమ్మా, శుభ్రమైన తిండి తినాలని" అంటుంది. కానీ అద్దం ముందు పక్కకు తిరిగి పొట్ట చూసుకుంటూ చాలాసేపు నిలబడుతోంది. అన్నీ వదులు డ్రెస్సులే వేస్తోంది. మే నెలలో మనూరి ఎండలకు కూడా చలి అంది. కొన్ని నెలలుగా నెలసరి రావడం లేదు. ఒక డాక్టరమ్మకు చూపిస్తే పీసీఓడీ అనే అండాశయాల సమస్య అయ్యుండొచ్చు, బరువు పెరగకుండా చూసుకోమన్నారు. ఆ మాట పట్టుకుని ఇంకా తగ్గించేసింది.

ఇప్పుడు పెరటాసి నెల, వెంకన్నస్వామికి శనివారాలు ఉపవాసముండే నెల. శనివారాలే కాకుండా మిగతా రోజులూ ఒక్కపొద్దు అంటోంది. దేవుడి పేరు చెప్పాక నేనేమనాలి? చుట్టాలంతా "ఎంత క్రమశిక్షణ, మా పిల్లలకూ నేర్పించమ్మా" అంటున్నారు. నాకేమో భయంగా ఉంది.

నిర్వాహకురాలు | సెప్టెంబర్ 27, రాత్రి 11:05

జవాబులు రాసేవాళ్ళకు ఒక విన్నపం. బరువు అంకెలు, క్యాలరీల లెక్కలు, ఎట్లా తగ్గారన్న వివరాలు ఇక్కడ రాయకండి. ఈ ఇబ్బందిలో ఉన్నవాళ్ళు చదివితే ఆ అంకెలతో పోటీ పడతారు. ఎవరికైనా వెంటనే మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416. ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

పలమనేరు రైతు | సెప్టెంబర్ 28, ఉదయం 6:15

అమ్మా, మీ బాధ అర్థమవుతోంది. కానీ సిరిధాన్యాల మీదికి నెట్టొద్దు. మా తాతల కాలం నుంచి సంగటి తిని బతికిన ఊళ్ళు మావి. రాగుల్లో ఉన్న కాల్షియం బియ్యంలో ఎక్కడుంది? 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది, అది కూడా మన దేశం అడిగితేనే. పిల్లలు పిజ్జాలు మాని కొర్రలు తింటే సంతోషించాలి గదా.

కోర్లగుంట పెద్దాయన | సెప్టెంబర్ 28, ఉదయం 7:30

గారాబం ఎక్కువైంది. ఎదురుగా కూర్చోబెట్టి గద్దించి తినిపించండి. లేదా సంబంధం చూసి పెళ్ళి చేయండి, అత్తగారింట్లో అన్నీ సర్దుకుంటాయి.

చిత్తూరు చెల్లి | సెప్టెంబర్ 28, ఉదయం 9:50

పెద్దాయనా, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఈ రెండు పనులూ చేయకండి. గద్దిస్తే పిల్ల మీ ముందు తిని తర్వాత కక్కేయడం నేర్చుకుంటుంది. పెళ్ళి చేస్తే జబ్బును ఇంకో ఇంటికి పంపినట్టు అవుతుంది, అంతే.

అక్కా, మీరు రాసింది చదువుతుంటే మా అమ్మే రాసినట్టుంది. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు మొదలైంది, చాలా ఏళ్ళు అందులోనే ఉన్నాను. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాను, మూడు పూటలా తింటున్నాను. లోపల ఎట్లా ఉంటుందో చెబుతాను, మీ పాప చెప్పలేకపోతోంది కాబట్టి.

మొదట్లో నిజంగా ఆరోగ్యం కోసమే. ఒక వస్తువు మానేస్తే ఒకరకమైన నెమ్మది వస్తుంది. పరీక్షల టెన్షన్, ఇంట్లో గొడవలు, నా ఒళ్ళు నాకు నచ్చకపోవడం, వీటిలో ఏదీ నా చేతిలో లేదు. తిండి ఒక్కటే నా చేతిలో ఉందనిపించేది. ఆ నెమ్మది కొన్నాళ్ళకు పోతుంది, అప్పుడు ఇంకొకటి మానేయాలి. జాబితా చిన్నదయ్యేకొద్దీ భయం పెద్దదవుతుంది. పప్పులో నెయ్యి పడిందంటే నాకు విషం పడినట్టే ఉండేది. మీరు తినమని బతిమాలుతుంటే పాపకు అట్లాగే వినిపిస్తుంది.

ఇక మెచ్చుకోళ్ళు. నన్ను అందరికంటే ఎక్కువ దెబ్బ తీసినవి అవే. "నీ పట్టుదల చూసి నేర్చుకోవాలి" అని మా క్లాసులో ఒక మేడమ్ అందరి ముందూ అన్నారు. ఆ రోజు నుంచి ఒక ముద్ద ఎక్కువ తింటే ఆ పేరు పోతుందన్న దిగులు పట్టుకుంది. చుట్టాలకు మీరు గట్టిగా చెప్పండి, పాప తిండి గురించి, ఒంటి గురించి మంచి గానీ చెడు గానీ ఏమీ అనొద్దని.

"సన్నబడాలని కాదు" అన్న మాట అబద్ధమని నేను అనను. నాకూ అట్లాగే అనిపించేది. కానీ అద్దం ముందు నిలబడటం మానలేకపోయేదాన్ని. అద్దంలో మనిషి కనబడదక్కా, పొట్ట కనబడుతుంది, చేయి కనబడుతుంది, గడ్డం కింద కనబడుతుంది. చూసుకుంటే భయం తగ్గుతుందని చూస్తాం, రెండు నిమిషాల్లో మళ్ళీ అనుమానం వస్తుంది, మళ్ళీ చూస్తాం.

ఒక్కపొద్దు అవ్వ | సెప్టెంబర్ 28, మధ్యాహ్నం 2:20

నాకు 70 దాటాయి. పెరటాసి శనివారాలు చిన్నప్పటి నుంచి ఉంటున్నాను. పొద్దున్నుంచి ఉపవాసం ఉండి తళిగ వేసుకుంటాం. పొంగలి, చిత్రాన్నం, వడ, పాయసం చేసి స్వామికి నైవేద్యం పెట్టి, గోవిందా అని ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్ళూ కూర్చుని తింటాం. ఒక్కపొద్దు విడవడం కూడా వ్రతంలో భాగమే. మీ పాప తళిగ అన్నం తింటోందా తల్లీ? తినకపోతే అది దేవుడి కోసం ఉండే ఉపవాసం కాదు. ఒంట్లో బాగాలేనివాళ్ళు, బాలింతలు, మందులు వేసుకునేవాళ్ళు ఉండాల్సిన పని లేదని మా అత్తగారే చెప్పేది. ఆ మాట పాపకు నా పేరు చెప్పి చెప్పు.

తిరుచానూరు అమ్మ | సెప్టెంబర్ 28, రాత్రి 9:10

తినలేదవ్వా. నిన్న తళిగ వేశాం. అందరికీ తనే వడ్డించింది, తను మాత్రం కీరదోసకాయ తిని పడుకుంది. వంటంతా దగ్గరుండి చేయించింది. పొద్దంతా ఫోన్లో వంటల వీడియోలే చూస్తుంది. తినని పిల్లకు వంటల మీద ఇంత ధ్యాస ఏమిటో నాకు అర్థం కావడం లేదు.

సైకియాట్రీ పీజీ | సెప్టెంబర్ 28, రాత్రి 11:30

ఈ చివరి ప్రశ్నకు జవాబు ఉంది, అందుకే రాస్తున్నాను. ఇక్కడ చదివి జబ్బు ఇదీ అని తేల్చలేను. చూసి, మాట్లాడి, పరీక్షలు చేసి చెప్పాల్సిందే.

రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు తిండి బాగా తగ్గించి పరిశీలించాడు. అందరూ ఇష్టపడి వచ్చినవాళ్ళే, మానసికంగానూ గట్టివాళ్ళే. కొన్ని వారాల్లో వాళ్ళకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు చదివారు, ముద్దను ముక్కలు చేసి గంటలకొద్దీ తిన్నారు, చలి అన్నారు, చిరాకుపడ్డారు, స్నేహితులకు దూరమయ్యారు. అంటే ఈ లక్షణాల్లో చాలావాటికి ఆకలే కారణం. మీ పాప స్వభావం మారిపోలేదమ్మా. ఒళ్ళు పస్తులో ఉంది, మెదడు కూడా పస్తులో ఉంది.

నెలసరి గురించి. లోపలికి వచ్చే శక్తి చాలనప్పుడు మెదడులోని హైపోథాలమస్ అండాశయాలకు పంపే సంకేతాలు తగ్గిస్తుంది. ఈస్ట్రోజెన్ పడిపోతుంది, నెలసరి ఆగుతుంది. ఎముకలు గట్టిపడాల్సిన వయసు ఇదే, సరిగ్గా ఇప్పుడే అవి పలచబడటం మొదలవుతుంది. పీసీఓడీలోనూ నెలసరి తప్పుతుంది కాబట్టి పొరపడే అవకాశం ఉంది. మళ్ళీ వెళ్ళినప్పుడు తిండి ఎంత తగ్గింది, బరువు ఎంత వేగంగా తగ్గింది అనేది ముందు చెప్పండి.

"లావవుతానని భయం" అని రోగి నోటితో చెప్పకపోయినా అనొరెక్సియా, అంటే ఒళ్ళు చిక్కిపోతున్నా తిండి తగ్గించుకుంటూ పోయే జబ్బు, ఉండొచ్చు. 1990లలో హాంకాంగ్‌లో సింగ్ లీ అనే వైద్యుడు ఇట్లాంటి రోగుల గురించి విస్తారంగా రాశారు. వాళ్ళు కడుపు ఉబ్బరం, ఆకలి లేదు అనే చెప్పేవాళ్ళు. మన దగ్గరా గ్యాస్, అరగడం లేదు, వేడి చేస్తుంది, శుభ్రంగా ఉండదు అంటూనే వస్తారు. అందుకే చాలామంది ముందు పొట్ట డాక్టర్ల చుట్టూ తిరుగుతారు.

పలమనేరు రైతు గారికి: తప్పు కొర్రలది కాదు. స్టీవెన్ బ్రాట్‌మన్ అనే అమెరికా వైద్యుడు 1997లో ఆరోగ్యకరమైన తిండి మీద ఇట్లాంటి పిచ్చి పట్టుదలకు ఆర్థోరెక్సియా అని పేరు పెట్టాడు. ఆయన కూడా ఒకప్పుడు ఆ దారిలో నడిచినవాడే. పద్ధతిగా తినడం జబ్బు కాదని ఆయనే చెబుతూ వచ్చాడు. మానసిక వైద్యులు వాడే డీఎస్‌ఎమ్-5 అనే జబ్బుల జాబితాలో దీనికి ఇంకా విడిగా చోటు లేదు. అనొరెక్సియాతోనో, ఒకే ఆలోచన పదేపదే వెంటాడే ఓసీడీతోనో, ఆందోళనతోనో కలిసి కనబడుతుంది. మేము చూసేది కంచంలో ఏముంది అని కాదు. నియమం తప్పిన రోజు మనిషి ఏమవుతోంది అని. మీరు పెళ్ళిలో బిర్యానీ తింటే రేపు మళ్ళీ సంగటి తింటారు. ఈ పిల్ల అసలు పెళ్ళికే పోవడం లేదు.

పలమనేరు రైతు | సెప్టెంబర్ 29, ఉదయం 5:50

ఇప్పుడు తెలిసింది డాక్టర్ గారూ. బోరులో నీళ్ళు సన్నబడిన ఏడాది మామిడి చెట్లను బతికించుకుని వరిమడిని ఎండబెడతాం. ఒళ్ళు కూడా గుండెను కాపాడుకోవడానికి మిగతావాటికి నీళ్ళు ఆపేసిందన్నమాట. అమ్మా, పాపను తొందరగా చూపించండి.

అలిపిరి మెట్లు | సెప్టెంబర్ 29, ఉదయం 8:40

ఇది ఆడపిల్లలకే వస్తుందా? నేను జిమ్‌కు పోతాను, అది కాక వారంలో ఎక్కువ రోజులు అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కుతాను. మొక్కు ఏమీ లేదు. ఎక్కకపోతే ఆ రోజు తినే హక్కు లేదనిపిస్తుంది. జ్వరం వచ్చినా ఎక్కాను. ఫ్రెండ్స్ అందరూ బాడీ సూపర్ అంటారు, నాకు మాత్రం చేతులు పుల్లల్లా కనిపిస్తాయి. అమ్మ పెట్టింది తినను, ఉడికించిన చికెన్, గుడ్డు తెల్లసొన, పౌడర్, అంతే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే మొదటిసారి రాస్తున్నా.

సైకియాట్రీ పీజీ | సెప్టెంబర్ 29, మధ్యాహ్నం 1:15

తమ్ముడూ, రాసి మంచిపని చేశావు. మగవాళ్ళకూ వస్తుంది. కండలు ఎంత ఉన్నా చాలవనిపించడాన్ని మజిల్ డిస్మార్ఫియా అంటాం. జ్వరంలో మెట్లు ఎక్కడం గుండెకు ప్రమాదం, అది మాత్రం ఈరోజే మానెయ్. ఎవరైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తామంటే ఒప్పుకోకు, ఇప్పటికే వాడుతుంటే డాక్టర్‌కు దాచకుండా చెప్పు. రుయా ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది, ఒంటరిగా రావడానికి జంకితే ముందు 14416కు ఫోన్ చెయ్.

చిత్తూరు చెల్లి | సెప్టెంబర్ 29, మధ్యాహ్నం 1:40

తమ్ముడూ, తినే హక్కు కోసం మెట్లు ఎక్కనక్కర్లేదు. నాకూ అట్లాగే అనిపించేది కాబట్టి చెబుతున్నా. మళ్ళీ వచ్చి ఎట్లా ఉన్నావో రాయి.

కాలేజీ మేడమ్ | సెప్టెంబర్ 29, సాయంత్రం 6:00

తిరుపతిలో అమ్మాయిల హాస్టల్ బాధ్యత చూస్తాను. మెస్‌లో ఎవరు తినడం లేదో వార్డెన్‌కు తెలుస్తుంది, కానీ ఉపవాసం, డైటింగ్, మెస్ కూర బాగాలేదు, ఈ మూడింట్లో ఏదో ఒకటి చెబితే ఊరుకుంటాం. ఇట్లాంటి తిండి జబ్బులను పసిగట్టడానికి ఇంగ్లాండులో 1999లో తయారైన స్కాఫ్ అనే ఐదు ప్రశ్నలు ఉన్నాయి. కడుపు నిండిందన్న ఇబ్బందితో కక్కుకుంటున్నావా, ఎంత తింటున్నావో అదుపు తప్పిందని దిగులా, మూడు నెలల్లో బరువు బాగా తగ్గావా, అందరూ సన్నగా ఉన్నావంటున్నా లావుగానే ఉన్నాననిపిస్తోందా, బతుకంతా తిండి చుట్టూనే తిరుగుతోందా. రెండింటికి అవునంటే డాక్టర్‌కు చూపించాలి. నేను వీటిని గదిలో కూర్చోబెట్టి మామూలు మాటల్లోనే అడుగుతాను, కాగితం ఇస్తే పిల్లలు అన్నింటికీ కాదనే రాస్తారు.

రేణిగుంట డైటీషియన్ | సెప్టెంబర్ 30, ఉదయం 10:25

ఒక ముఖ్యమైన జాగ్రత్త. భయపడి ఒక్కసారిగా నెయ్యన్నం, స్వీట్లు కుక్కి పెట్టకండి. చాలాకాలం పస్తున్న ఒంట్లోకి పిండిపదార్థం ఎక్కువగా వెళ్తే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం కణాల్లోకి వెళ్ళిపోతాయి. రక్తంలో అవి పడిపోతే గుండె లయ తప్పొచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. మరీ చిక్కిపోయినవాళ్ళకు తిండి పెంచడం డాక్టర్ పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేస్తూ జరగాలి.

అంతదాకా, ఇప్పుడు తినేది తగ్గకుండా చూడండి. భోజనం వేళలు తప్పనివ్వకండి. నా దగ్గరికి వచ్చేవాళ్ళతో మేము మంచి తిండి, చెడ్డ తిండి అనే మాటలే వాడం. భయపెట్టే పదార్థాల పట్టిక రాయించి, తక్కువ భయం ఉన్నదానితో మొదలుపెడతాం. మీ పాపకు అది పెరుగు కావచ్చు, ఊరుబిండి కావచ్చు. అది తనే చెప్పాలి.

తిరుచానూరు అమ్మ | సెప్టెంబర్ 30, రాత్రి 10:00

డాక్టర్ దగ్గరికి పోదామంటే "నాకేం పిచ్చా" అంటోంది. ఎట్లా ఒప్పించాలి?

చిత్తూరు చెల్లి | సెప్టెంబర్ 30, రాత్రి 10:50

తిండి గురించి వాదన పెట్టుకోవద్దక్కా. ఆ వాదనలో మీరు గెలవలేరు, ఒక్కో గింజ గురించి తను మీకన్నా ఎక్కువ చదివింది. తనకు ఇబ్బందిగా ఉన్నవాటి గురించి అడగండి. చలి, నిద్ర పట్టకపోవడం, జుట్టు ఊడటం, చదివింది తలకెక్కకపోవడం. మా అమ్మ నన్ను "నీ జుట్టు ఇట్లా ఊడిపోతుంటే నాకు దిగులుగా ఉంది, ఒకసారి రక్తపరీక్ష చేయిద్దాం" అని తీసుకెళ్ళింది. నేను దానికి ఒప్పుకున్నాను. అబద్ధం మాత్రం చెప్పి తీసుకెళ్ళకండి, సైకియాట్రిస్ట్ కూడా చూస్తారని దారిలోనైనా చెప్పండి. మాట తప్పారనిపిస్తే మళ్ళీ రాదు.

సైకియాట్రీ పీజీ | అక్టోబర్ 1, ఉదయం 7:00

అదే సరైన దారి. కళ్ళు తిరిగి పడిపోయినా, గుండె దడదడలాడినా, మెలకువగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 కన్నా తగ్గినా, చనిపోవాలనుంది అన్నా మాత్రం ఎదురుచూడకండి, అదే రోజు క్యాజువాలిటీకి తీసుకురండి. మామూలుగా అయితే ఈసీజీ, పడుకుని ఒకసారి, నిలబడి ఒకసారి నాడి, బీపీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం, షుగర్ చూస్తారు. రిపోర్టులు అన్నీ నార్మల్ వచ్చినా జబ్బు లేదని కాదు, ఒళ్ళు చాలాకాలం సర్దుకుంటూ వస్తుంది. తిరుపతిలో రుయా, చిత్తూరు వైపువాళ్ళకు దగ్గర్లో వేలూరు సీఎంసీ మానసిక వైద్య విభాగం, ఇంకా పెద్ద వైద్యం కావాలంటే బెంగళూరు నిమ్హాన్స్ ఉన్నాయి.

పిల్లల విషయంలో ఇంటివాళ్ళను పక్కన పెట్టి చేసే వైద్యం కన్నా కలుపుకుని చేసేదే ఎక్కువ ఫలిస్తోంది. లండన్‌లోని మాడ్‌స్లీ ఆస్పత్రిలో 1980లలో మొదలైన పద్ధతి ఇది. కొంతకాలం ఏం తినాలో, ఎంత తినాలో అమ్మానాన్నలే నిర్ణయిస్తారు, పక్కన కూర్చుని తినిపిస్తారు, కొంచెం కొంచెంగా ఆ బాధ్యత పిల్లకు తిరిగి ఇస్తారు. 19 ఏళ్ళకు అది అంతే యథాతథంగా కుదరకపోవచ్చు, ఆలోచనలను, అలవాట్లను మాటలతో మార్చే సీబీటీ అనే వైద్యం కూడా కలుపుతారు. తల్లిదండ్రుల వల్లే జబ్బు వచ్చిందని మాత్రం ఎవరన్నా నమ్మకండి.

ఇన్సూరెన్స్ అన్న | అక్టోబర్ 1, ఉదయం 11:20

చిన్న సమాచారం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఇన్సూరెన్స్ ఇవ్వాలి. అడ్మిషన్ అవసరమైతే పాలసీ కాగితాలు చూసుకోండి.

తిరుచానూరు అమ్మ | అక్టోబర్ 9, రాత్రి 8:30

వెళ్ళొచ్చాం. జుట్టు మాటే చెప్పి అడిగాను, ఒప్పుకుంది. నాడి నెమ్మదిగా ఉందని, పొటాషియం కొంచెం తక్కువని అన్నారు. అడ్మిషన్ వెంటనే అవసరం లేదట, వారం వారం రక్తపరీక్షకు రమ్మన్నారు. డాక్టర్ ముందు పాప గంటసేపు మాట్లాడింది, నాకు ఎప్పుడూ చెప్పనివన్నీ చెప్పింది. తొమ్మిదో తరగతిలో స్కూల్ డాన్సుకు బట్టలు కొలుస్తూ ఎవరో అన్న మాట ఇప్పటికీ గుర్తుందట.

రోజుకు మూడు భోజనాలు, మధ్యలో చిరుతిండి. వాళ్ళ నాన్నో నేనో పక్కన కూర్చోవాలి. అద్దం తీసేయొద్దు, తల దువ్వుకునేటప్పుడు మాత్రమే చూసుకోవాలన్నారు. పెరుగు మొదలుపెట్టాం. మొదటి రోజు గిన్నె ముందు ముప్పావుగంట కూర్చుంది, సగం తినింది. అవ్వా, ఒక్కపొద్దు గురించి మీరు చెప్పింది చెప్పాను. ఏమీ అనలేదు కానీ ఈ శనివారం ఉండనంది.

ఒకటి అడగాలి. వచ్చే నెల మా ఆడపడుచు కూతురి పెళ్ళి. తీసుకెళ్ళొచ్చా?

చిత్తూరు చెల్లి | అక్టోబర్ 9, రాత్రి 9:15

చాలా సంతోషం అక్కా. పెళ్ళి సంగతి డాక్టర్‌ను అడగండి, పాపనూ అడగండి. వెళ్తే ముహూర్తానికి వెళ్ళి, ఇంట్లో తిన్న వేళకే తినేట్టు చూసుకుని, పంక్తిలో గోడపక్క సీటు చూసుకోండి, ఎవరూ వెనక నుంచి వచ్చి వడ్డించకుండా. ముందుగా మీ ఆడపడుచుకు ఫోన్ చేసి, "చిక్కిపోయావే" అని గానీ, ఇంకొన్నాళ్ళకు "ఒళ్ళు చేశావు, ఇప్పుడు కళగా ఉన్నావు" అని గానీ ఎవరూ అనకుండా చూడమనండి. ఈ రెండో మాట ఇంకా ప్రమాదం. నేను కోలుకుంటున్న రోజుల్లో అది విని రెండు వారాలు మళ్ళీ వెనక్కి పోయాను. బరువు ముందు వస్తుంది, అద్దం భయం అన్నిటికన్నా ఆఖరున పోతుంది. అందుకని పాప తింటోంది కదా అని ఫాలోఅప్‌లు మానేయకండి.

తిరుచానూరు అమ్మ | అక్టోబర్ 9, రాత్రి 9:40

సరేనమ్మా. రేపే మా ఆడపడుచుతో మాట్లాడతాను. వచ్చే గురువారం రక్తపరీక్ష ఉంది, అయ్యాక రాస్తాను.

అలిపిరి మెట్లు | అక్టోబర్ 10, ఉదయం 7:05

14416కు ఫోన్ చేశాను. ఇరవై నిమిషాలు మాట్లాడారు. సోమవారం ఓపీకి పోతున్నా, మా అన్నను తోడు తీసుకెళ్తున్నా. అమ్మకు కూడా చెప్పాను.